పొట్టేలు మేకను దాటితే పిల్లలు పుడతాయా?

ప్రశ్న: మా మందలో గొర్రెలూ మేకలూ కలిసే మేస్తాయి. ఈమధ్య పొట్టేలు రెండు మేకలను దాటింది. చూలు నిలుస్తుందా? పిల్ల పుడితే, దానికి మళ్లీ పిల్లలవుతాయా? దక్కని గొర్రెను నెల్లూరు జూడిపి పొట్టేలుతో దాటిస్తే పుట్టినవి బాగానే ఈనుతున్నాయి. మరి తేడా ఎక్కడ?
– ఒక పెంపకందారు, దేవరకొండ

జవాబు: దక్కనీ, జూడిపీ రెండూ గొర్రెలే. రెండింటికీ కణంలో జన్యువులను మోసే పోగులు, అంటే క్రోమోజోములు, 54, అవే జతలు. మేకకు 60. అంటే మీరడిగిన పిల్లకు తల్లి నుంచి 30, తండ్రి నుంచి 27, మొత్తం 57 వస్తాయి.

ఒళ్లు పెరగడానికి ఇది అడ్డు కాదు. మామూలు కణం రెండయ్యేటప్పుడు ప్రతి క్రోమోజోము తన నకలు తాను చేసుకుంటే చాలు, జోడీతో పనిలేదు. గుర్రానికి 64, గాడిదకు 62. వాటికి పుట్టిన కంచర గాడిద 63తోనే బరువులు మోస్తుంది. చిక్కంతా వీర్యకణం, అండం తయారయ్యే చోట. అక్కడ తల్లివైపు క్రోమోజోము తండ్రివైపు దాని పక్కన చేరి, పొడవునా అతుక్కుని, ముక్కలు మార్చుకుని, ఆ తర్వాతే విడిపోవాలి. జోడీ కుదరని కణం చాలావరకు అక్కడే ఆగి చచ్చిపోతుంది. అందుకే మగ కంచర గాడిదకు వృషణాలుంటాయి, దాటాలన్న కోరికా ఉంటుంది, పనికొచ్చే వీర్యకణాలే ఉండవు. ఆడవి ఈనిన దాఖలాలు చాలా అరుదుగా ఉన్నాయి. పాలిచ్చే జంతువుల సంకరంలో ముందు మగవే గొడ్డుబోతాయని, పక్షుల్లో ఆడవని హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త 1922లోనే చెప్పాడు.

లెక్క తేడా ఒక్కటే కారణం అనుకోవద్దు. ప్రెవాల్‌స్కీ అనే అడవి గుర్రానికి 66 ఉన్నా, మామూలు గుర్రంతో కలిసి పుట్టిన 65 క్రోమోజోముల పిల్లలు ఈనుతాయి. అక్కడ ఒకదానిలో విడిగా ఉన్న రెండు క్రోమోజోములు రెండోదానిలో ఒకటిగా అతుక్కుని ఉన్నాయి, కాబట్టి జోడీ కుదురుతుంది. జన్యువుల పొంతన అంత దగ్గరగా ఉండాలి.

ఇక మీ మేకలు. చూలు కట్టినా సాధారణంగా రెండు నెలలలోపే పోతుంది. బతికి పుట్టినవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. 2000లో బోట్స్వానాలో వెలుగులోకి వచ్చిన 57 క్రోమోజోముల మగపిల్ల గొర్రెలనూ మేకలనూ దాటేది కానీ దేనికీ చూలు కట్టలేదు.

మీకు నష్టం కాలంలోనే. ఆ మేకలను గమనించండి, మళ్లీ ఎదకొస్తే మేకపోతుతో దాటించండి. చూలు కట్టనివి 21 రోజులకు అటూఇటూగా ఎదకొస్తాయి. పాతిక ముప్పై మేకలకు ఒక మంచి పోతు ఉండాలి. నెలలు నిండబోతుండగా ఈసుకపోతే మాత్రం సంకరం మీద నెట్టకండి, అది బ్రుసెల్లా అనే అంటురోగం కావచ్చు. పడిపోయిన పిల్లను, మాయను ఒట్టి చేతులతో ముట్టకుండా లోతుగా పాతిపెట్టి, పశువైద్యుడితో రక్తపరీక్ష చేయించండి.