మేనమామ పోలిక

చిరంజీవికి ఆశీస్సులు.

రక్తం గడ్డకట్టడం, రోగనిరోధక శక్తి, జన్యువుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ నిండా సైనికులు, కోటలు, శత్రువులు! ఒంటిని కోటతో పోల్చే ఆ యుద్ధం నేను రాయడం మొదలుపెట్టేనాటికే పాతబడింది. పైగా దెబ్బ తగలగానే జన్యువులు "ఆదేశాలు జారీ చేస్తాయి" అన్నావు. జన్యువు కలెక్టరు కాదు నాయనా. ఒక ప్రోటీన్‌ని ఎలా తయారుచేయాలో అందులో రాసి ఉంటుంది, అంతే.

మొన్న బెండకాయలు తరుగుతుంటే నా వేలు తెగింది. పసుపు డబ్బా తీసేలోపే ప్లేట్‌లెట్లు, అంటే రక్తంలో తిరిగే చిన్న చిన్న కణాల ముక్కలు, తెగినచోట అతుక్కోవడం మొదలైపోయి ఉంటుంది. వాటికి జన్యువులుండే కేంద్రకమే ఉండదు, ఇక జన్యువుని అడిగేదెక్కడ? రక్తపు గడ్డను వలలా పట్టి ఉంచే ఫైబ్రిన్ పోగులు అల్లడానికి కావలసిన ఫ్యాక్టర్లు, అంటే గడ్డకట్టించే ప్రోటీన్లు కూడా ఎక్కువగా లివర్‌లో ముందే తయారై రక్తంలో తిరుగుతూ ఉంటాయి. మర్నాటికి పక్కు కట్టింది. చుట్టూ ఎర్రగా, వెచ్చగా, కాస్త వాపు. తెల్లకణాలు చేరాయన్నమాట. వాటి పని గంటలు, రోజులు సాగుతుంది కాబట్టి కొన్ని జన్యువులను అప్పటికప్పుడు పనిలో పెట్టుకుంటాయి. నీ "ఆదేశాలు" ఇక్కడైతే కొంత నప్పుతాయి.

జన్యువు గురించి రాయాలంటే అది చెడిపోయిన ఇంటికి వెళ్లు. చాలా ఏళ్ల కిందట హీమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు, ఉన్న ఒక కుర్రాణ్ణి చూశాను. ఒంటిమీద గీత కూడా లేదు. మోకాలు మాత్రం లోపల రక్తం చేరి ఉబ్బిపోయింది, కాలు చాపలేకపోతున్నాడు. పక్కనే కూర్చున్న అమ్మమ్మ, "వీడికన్నీ మేనమామ పోలికలే బాబూ, ఈ జబ్బుతో సహా" అంది. ఈ రకం జబ్బులో చెడే ఫ్యాక్టర్ 8 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది కొడుక్కి తల్లి నుంచే వస్తుంది అని నువ్వు అరపేజీ రాశావు. ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. అయితే ఇంచుమించు మూడోవంతు కేసుల్లో ఇంట్లో అంతకుముందు ఎవరికీ ఉండదు, అది కూడా రాయి. లేకపోతే తల్లులను ఆడిపోసుకుంటారు.

మేనరికం వల్లే హీమోఫీలియా వస్తుందన్న వాక్యం కొట్టెయ్. మేనరికాల్లో ఎక్కువ బయటపడేవి వేరే. ఫ్యాక్టర్ 13 లోపం అలాంటిది, తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన జన్యువే రావాలి. అందులో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, కానీ ఆ గడ్డ నిలవదు. పసిబిడ్డకు బొడ్డు దగ్గర రక్తం కారుతూనే ఉంటుంది. మామూలు గడ్డకట్టే పరీక్షలేమో నార్మల్ అని వస్తాయి. ఇంటివాళ్ల టెన్షన్ ఊహించుకో.

అసలు కథను నువ్వు ఒక్క లైనులో దాటేశావు. ఫ్యాక్టర్ 8 ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుందని రాశావు కదా? జన్యువులో పెద్ద ముక్కే లేకపోతే ఆ పిల్లాడి ఒళ్లు ఆ ప్రోటీన్‌ని పుట్టి ఎరగదు. బయటినుంచి వచ్చిన మందును పరాయిదనుకుని, దాన్ని పనిచేయనివ్వని యాంటీబాడీలు తయారుచేస్తుంది. తీవ్రమైన హీమోఫీలియా ఎ (ఫ్యాక్టర్ 8 లోపించే రకం) ఉన్నవాళ్లలో నూటికి 25 నుంచి 30 మందికి ఇలా జరుగుతుంది. రక్తం, రోగనిరోధక శక్తి, జన్యువు మూడూ కలిసే చోటు ఇదే. వ్యాసం ఇక్కడ మొదలుపెట్టు, యుద్ధం దానంతటదే రాలిపోతుంది.

ఇంకొకటి. ఐదో పేజీలో "ఫ్యాక్టర్ 6" అని పడింది. అలాంటిది లేదు. ఒకప్పుడు ఆ పేరు పెట్టారు గానీ, అది ఐదో ఫ్యాక్టరే మరో రూపంలో ఉందని తేలాక ఆ అంకెను అలాగే ఖాళీగా వదిలేశారు.