నెట్ జీరోకు 2070 మరీ ఆలస్యం కాదా? బొగ్గు గనుల జిల్లా నుంచి నా సమాధానం

2070 నాటికి నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువు లాంటి ఉద్గారాలూ తిరిగి పీల్చుకునేవీ సమానం కావాలన్న మన దేశ లక్ష్యం మరీ దూరంగా ఉంది కదా, దాన్ని 2050కి జరపాలని కొందరు చేస్తున్న వాదన సరైనదేనా అని ప్రశ్న. గడువు ఏ సంవత్సరమన్నది నా దృష్టిలో రెండో సంగతి. ఆ గడువు వల్ల ఏ జిల్లాలో ఎప్పుడు ఎవరి పని ఆగిపోతుందో, ఆగినప్పుడు వాళ్ళకు ఏం చూపిస్తారో ముందే రాసిపెట్టకపోతే, 2050 అన్నా 2070 అన్నా ఒకటే. మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలోని రాజురా ప్రాంతం. మా తాత కరీంనగర్ వైపు నుంచి గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. బొగ్గు మీద బతికిన కుటుంబం నుంచి రాస్తున్నానన్న విషయం ముందే చెప్పడం నా బాధ్యత.

మన లక్ష్యాలు చిన్నవని నేను అనను. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధాని 2070 గడువు ప్రకటించారు. 2022 ఆగస్టులో సవరించిన హామీల ప్రకారం, 2030 నాటికి జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారాలు 2005తో పోలిస్తే 45 శాతం తగ్గాలి, విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో (కేంద్రాలన్నీ కలిపి గరిష్ఠంగా తయారు చేయగలిగినదానిలో) సగం శిలాజేతర, అంటే బొగ్గు, చమురు, గ్యాస్ కాని వనరులది కావాలి. ఈ రెండోది 2025 జూన్ నాటికే, అంటే గడువుకు ఐదేళ్ళ ముందే నెరవేరింది. పత్రికలన్నీ సంతోషించాయి, నేనూ సంతోషించాను. అయితే అదే 2024-25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి మొదటిసారి వంద కోట్ల టన్నులు దాటింది. ఇందులో వింతేమీ లేదు. సోలార్ ప్యానెల్ ఎండ ఉన్నంతసేపే కరెంటు ఇస్తుంది. పొద్దు గుంకిన తర్వాత దేశమంతా ఫ్యాన్లూ కూలర్లూ తిరగాలంటే ఇప్పటికీ మా చంద్రపూర్‌లోని 2,920 మెగావాట్ల కేంద్రం లాంటివే దిక్కు. అందువల్ల సామర్థ్యంలో బొగ్గు వాటా సగానికి దిగువకు వచ్చినా, ఏడాది పొడుగునా తయారయ్యే కరెంటులో రమారమి 70 శాతం ఇంకా దానిదే. బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి), కొత్త లైన్లు వచ్చేకొద్దీ ఈ వాటా తగ్గుతుంది, తగ్గాలి కూడా. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలో బతికే మాకు ఆ అవసరాన్ని ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

తగ్గినప్పుడు ఏమవుతుందో నేను ఒకసారి దగ్గరగా చూశాను. మా కాలనీ పక్కనున్న భూగర్భ గనిని కొన్నేళ్ళ క్రితం మూసేశారు. దానికి వాతావరణంతో సంబంధం లేదు, నష్టాలు వస్తున్నాయన్నారు. పర్మినెంట్ కార్మికులకు వేరే గనులకు బదిలీ ఆర్డర్లు వచ్చాయి, మా మేనమామకూ వచ్చింది. మామయ్య పక్కింటి అన్న బొగ్గును రైలు వ్యాగన్లకు ఎక్కించే సైడింగ్‌లో కాంట్రాక్టు కూలీ కాబట్టి, ఆయనను రేపటి నుంచి రావద్దన్నారు. గ్రాట్యుటీ (పని మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు) అయినా అడుగుదామని ఆయనను వెంటబెట్టుకుని కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్ళాను. అన్న తన ప్లాస్టిక్ సంచిలోంచి పాత గేట్ పాసులన్నీ తీసి బల్ల మీద వరుసగా పరిచాడు. అన్నిటి మీదా ఆయన ఫోటోయే, ఒక్కో పాసుకూ జుట్టు కొంత నెరుస్తూ వచ్చింది. పనిచేసిన చోటు అదే సైడింగ్. పైన అచ్చయిన కాంట్రాక్టరు పేరు మాత్రం టెండరు మారినప్పుడల్లా మారింది. ఒకే యజమాని దగ్గర ఐదేళ్ళు వరుసగా చేస్తేనే గ్రాట్యుటీ వస్తుందనీ, తమ దగ్గర అంత సర్వీసు లేదనీ గుమాస్తా చెప్పాడు. "గని మారలేదు కదా సాబ్, నేనూ మారలేదు కదా" అని అన్న అడిగాడు. గుమాస్తా జవాబు చెప్పకుండా పాసులన్నీ పోగుచేసి, రబ్బరు బ్యాండు వేసి ఆయన చేతికిచ్చాడు.

ఇది ఒక్క గుమాస్తా తప్పని నేను అనుకోవడం లేదు. 2009 నాటి గనుల మూసివేత మార్గదర్శకాల్లో ఎస్క్రో ఖాతాలో, అంటే మూసివేత పనులకు తప్ప తీయడానికి వీల్లేని ఖాతాలో, డబ్బు జమ చేయాలన్న నియమం పెట్టారు. అయితే ఆ డబ్బును లెక్కగట్టింది హెక్టార్ల చొప్పున. గోతులు పూడ్చడానికీ మొక్కలు నాటడానికీ లెక్క ఉన్నప్పుడు మనుషులకు ఎందుకు లేకపోయింది? ఇక పౌరులు లైట్లు ఆర్పి దేశాన్ని కాపాడాలని చెప్పే ప్రచారాలు చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఇంటి పైకప్పు మీద సోలార్‌కు 2024 నుంచి 78,000 రూపాయల వరకు రాయితీ ఇస్తున్నారు, మంచి పథకమే. దానికి సొంత ఇల్లు, సొంత కప్పు కావాలి. కంపెనీ క్వార్టర్లలోనూ అద్దె గదుల్లోనూ ఉండేవాళ్ళు ఎక్కడ బిగించుకోవాలి?

చట్టం లేని లక్ష్యం ఏ ప్రభుత్వాన్నీ కట్టిపడేయదు. బ్రిటన్ 2008లోనే వాతావరణ చట్టం చేసి, ఐదేళ్ళకొక ఉద్గారాల బడ్జెట్ (అంతకు మించి వదలకూడదన్న పరిమితి) ముందుగా నిర్ణయించి, స్వతంత్ర సంఘం ఏటా పార్లమెంటుకు నివేదిక ఇచ్చేలా ఏర్పాటు చేసుకుంది. చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని 2024 సెప్టెంబరులో మూసింది. జర్మనీ 2038 లోపు బొగ్గు మానేస్తామని 2020లో చట్టం చేసినప్పుడే, బొగ్గు ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోల వరకు సాయం చేస్తామని అదే ఏడాది మరో చట్టంలో రాసింది. అవి ధనిక దేశాలు, మనకెక్కడిదని అడిగేవారికి నా జవాబు ఒకటే: డబ్బు మన దగ్గరా వసూలైంది. 2010లో టన్ను బొగ్గు మీద 50 రూపాయల సెస్ (ప్రత్యేక అవసరం కోసం వేసే పన్ను) వేశారు, 2016 నాటికి అది 400 రూపాయలైంది. స్వచ్ఛ ఇంధనం కోసమని మొదలైన ఆ సెస్‌ను 2017లో జీఎస్టీ వచ్చాక, దానివల్ల ఆదాయం తగ్గిన రాష్ట్రాల పరిహారం కిందికి మళ్ళించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని తీసేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు.

ఆ 18 శాతంలో నిర్ణీత భాగాన్ని బొగ్గు జిల్లాలకు చట్టం ద్వారా కేటాయించాలని నేను కోరుతున్నాను. అంతకన్నా ముందు, ప్రతి గనిలోనూ సైడింగ్‌లోనూ పనిచేసే కాంట్రాక్టు కార్మికుల సర్వీసును కాంట్రాక్టరు పేరు మీద కాకుండా గని పేరు మీద నమోదు చేసి, ఆ జాబితాను జిల్లా కలెక్టరు దగ్గర ఉంచాలి. గని ఎప్పుడు మూసినా, ఎందుకు మూసినా, పరిహారం గానీ శిక్షణ గానీ వేరే పని గానీ ఆ జాబితా ప్రకారమే ఇవ్వాలి.