ఆడించడమే కదా అన్నారని పలకలు కొనకండి

ప్రశ్న: మాది నెల్లూరు, వేదాయపాళెం. చాలా ఏళ్లుగా ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటున్నాను. ఇప్పుడు ఐదుగురు ఉన్నారు. ఎనిమిదో నెల నుంచి నా చేతుల్లో పెరిగిన బాబుకి రెండున్నరేళ్లు నిండాయి. జూన్ నుంచి ప్లేస్కూల్లో వేస్తామని వాళ్లమ్మ చెప్పింది. "మీ దగ్గర ఆడుకోవడమే కదా అక్కా, అక్కడైతే ఏబీసీడీలు రాయిస్తారు" అంది. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. మిగతా వాళ్లూ మానిపించేస్తారేమోనని టెన్షన్. మా ఆయన ఇక చాలించమంటున్నారు. నేనూ పలకలు కొని, రాయించి, బయట బోర్డు పెట్టమంటారా?

జవాబు: ఎత్తుకుని పెంచిన పిల్లాడు వెళ్లిపోతున్నాడన్న దిగులు ఒకటి, ఇన్నాళ్ల చాకిరీని ఒక్క మాటతో తీసిపారేశారన్న బాధ ఇంకొకటి. రెండూ ఒక్కసారే మీద పడ్డాయి మీకు. దిగులు తగ్గడానికి కొన్నాళ్లు పడుతుంది, పట్టనివ్వండి. పలకలు మాత్రం కొనకండి.

రెండున్నరేళ్ల వేళ్లకు అక్షరాలు దిద్దే పట్టు ఉండదు. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంది. ఆ తర్వాత 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే పెట్టొద్దంది. ఆట, పాట, కథ, కబుర్లతోనే నేర్పమంది. మీ వరండాలో జరుగుతున్నది అదే కదమ్మా! ఆ బాబుకి నాలుగు బట్టల క్లిప్పులిచ్చి, ప్లేటు అంచుకి పెట్టమనండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి గట్టిగా నొక్కుతాడు, జారిపోతే మళ్లీ తీసుకుంటాడు. రేపు పెన్సిల్ పట్టాల్సింది ఆ వేళ్లే.

వాళ్లమ్మ మీద కోపం పెట్టుకోకండి. పక్కింటి పిల్ల ఇంగ్లిష్ రైమ్స్ చెబుతుంటే, ఎల్‌కేజీ సీటు గురించి బంధువులు అడుగుతుంటే ఏ తల్లికైనా భయమే. పైగా పగలంతా మీ ఇంట్లో ఏం జరిగిందో ఆమెకి తెలిసే దారి లేదు. సాయంత్రం గుమ్మం దగ్గర "అన్నం తిన్నాడు, పడుకున్నాడు" అని చెప్పి పంపేస్తే, ఆమె దృష్టిలో మీ పని అంతవరకే. "ఈరోజు చొక్కా గుండీ వాడే పెట్టుకున్నాడు" అని రోజుకొక మాట చెప్పండి. పిల్లలు సద్దుమణగాలని మధ్యాహ్నం టీవీ పెట్టే అలవాటుంటే మాత్రం ఈరోజే మానండి. అది ఉన్నంతకాలం వాళ్ల అనుమానంలో న్యాయం ఉన్నట్టే.

ఇక మీ ఆయన మాట. ఆయన చూస్తున్నది పోతున్న ఒక్క ఫీజునే. ప్లేస్కూళ్లు చాలావరకు మధ్యాహ్నానికే వదిలేస్తాయి. ఉద్యోగం చేసే తల్లి సాయంత్రం వరకు బిడ్డని ఎక్కడ ఉంచుతుంది? "బడి అయ్యాక ఇక్కడికే పంపండి, నేను అన్నం పెట్టి పడుకోబెడతాను" అని మీరే ముందు అడగండి, సగం ఫీజు చెప్పండి. రెండేళ్లలోపు పిల్లల్ని ప్లేస్కూళ్లు సాధారణంగా తీసుకోవు, అలాంటి ఇళ్లకు మీ అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఇకమీదట మానిపించేవాళ్లు నెల ముందే చెప్పాలని చేర్చుకునే రోజే మాట తీసుకోండి. ఇదంతా కాగితం మీద రాసి మీ ఆయనతో కూర్చోండి. మానాలా వద్దా అన్నది ఆ లెక్క చూశాకే తేల్చుకోండి.