ప్రొవోక్ అని రాసేముందు

అమ్మలూ,

ఫిర్యాదుల్లో, వాంగ్మూలాల్లో ‘రెచ్చగొట్టాడు’ అని ఉన్న ప్రతిచోటా ‘ప్రొవోక్’ అని రాసేయొచ్చా అని అడిగావు. రాయొద్దు. కోర్టులో ముప్ఫై ఏళ్లు నువ్విప్పుడు చేస్తున్న అనువాదాల పనే చేశాను. నన్ను ఎక్కువ తిప్పలు పెట్టిన మాట ఇదే.

లాటిన్‌లో ‘ప్రో’ అంటే ముందుకు, ‘వోకారే’ అంటే పిలవడం. ఎదుటివాడి లోపలున్న కోపాన్ని బయటికి రమ్మని పిలవడమన్నమాట. పడుకున్న కుక్కను కర్రతో పొడిస్తే అది పొడిచినవాడి మీదికే లేస్తుంది. అది ప్రొవోక్, మన కవ్వించడం. అదే కుక్కను ‘ఉస్కో’ అని దారినపోయేవాడి మీదికి వదిలితే అది ఉసిగొల్పడం. దానికి ‘ఇన్‌స్టిగేట్’, ‘ఇన్‌సైట్’ (incite) ఉన్నాయి. మన ‘రెచ్చగొట్టు’ ఈ రెంటికీ సరిపోతుంది, చిక్కంతా అక్కడే. అందుకే కోపం ఎవరి మీదికి మళ్లిందో ముందు చూసుకో, మాట తర్వాత వెతుక్కో.

ఒక గట్టు తగాదా కేసులో ‘అన్నదమ్ముల్ని ఎగదోసింది ఆయనే’ అని ఒక ముసలాయన చెప్పాడు. పొయ్యిలో కట్టెలు ఎగదోసినట్టు, మంట ఆరకుండా చూశాడని ఆయన భావం. నేను ప్రొవోక్ అని రాశాను. పైకోర్టులో చదివినవాళ్లకు ఆ మనిషి అన్నదమ్ములతో గొడవపడి వాళ్లకు కోపం తెప్పించినట్టు అర్థమైంది. తెరవెనక మనిషి తగవులో ఎదుటిపక్షమైపోయాడు. తెలుగు ప్రతి తెప్పించి చూసేదాకా కేసు వాయిదా పడింది. ఆ బాధ నాకింకా పోలేదు.

ఎగదోయడానికి ఇంగ్లీషులో ‘ఎగ్ ఆన్’ ఉంది. దానికి గుడ్డుతో సంబంధం లేదు, స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాష నుంచి వచ్చింది. కోర్టు కాగితాల్లో మాత్రం వద్దు, మరీ వాడుకమాట. ‘గోడ్’ అంటే ముల్లుగర్ర. ఎద్దును పొడుస్తూ నడిపించినట్టు పదేపదే సూటిపోటి మాటలంటూ ఒక పనికి తోయడం. ఆత్మహత్యకు ప్రేరేపించిన కేసుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. 2001లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కేసులో ఇన్‌స్టిగేట్ అర్థం చెబుతూ సుప్రీంకోర్టు గోడ్, ప్రొవోక్, ఇన్‌సైట్ మూడింటినీ పక్కపక్కనే వాడింది. కాబట్టి ఈ మాటల మధ్య హద్దు గోడ కట్టినట్టేమీ ఉండదు, సందర్భం చూసుకోవాలి.

హత్య కేసుల్లో ఇంకా జాగ్రత్త. ‘గ్రేవ్ అండ్ సడన్ ప్రొవొకేషన్’, అంటే తీవ్రమైన, హఠాత్తుగా జరిగిన కవ్వింపు రుజువైతే నేరం హత్య స్థాయి నుంచి దిగుతుంది. పాత ఐపీసీలో 300వ సెక్షన్ మొదటి మినహాయింపు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 101వ సెక్షన్ కింద ఉంది. నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన కేసులో ఆ వాదన నిలవలేదు. భార్య తన సంబంధం సంగతి చెప్పడానికీ, అతను కాల్చడానికీ మధ్య కోపం చల్లారేంత సమయం ఉందని 1961లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే సాక్షి ‘అప్పటికప్పుడు’ అన్నాడా, ‘కాసేపటికి’ అన్నాడా, ‘అన్నం తిని వచ్చి’ అన్నాడా, ఒక్క ముక్క కూడా జారిపోనివ్వకు. అలాంటిచోట వాక్యం అందంగా రాకపోయినా ఫర్వాలేదు.

‘థాట్ ప్రొవోకింగ్’ అని కనబడితే కంగారుపడకు, అది మెచ్చుకోలు. ‘ఆలోచింపజేసే’ అని రాయి.

చిక్కుపడ్డ వాక్యం ఏదైనా ఉంటే పేర్లు తీసేసి, తెలుగులోనే రాసి పంపు. కళ్లజోడు మార్పించాను, ఇప్పుడు బాగానే చదవగలుగుతున్నాను.

ఆశీస్సులతో,
పెదనాన్న