బ్రసెల్స్ ఉద్యోగం కోసం ఇల్లు తాకట్టా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ పొలిటికల్ సైన్స్ ఫైనలియర్. యూరప్‌లో ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదివి ఈయూ (యూరోపియన్ యూనియన్)లో దౌత్యవేత్త అవుతానంటోంది. ఇంటి మీద 35 లక్షల లోన్ తీసుకోవచ్చా, సివిల్స్ రాయించాలా? అక్కడేమో యుద్ధాలు, గొడవలు.
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: యుద్ధాల సంగతి పక్కనపెడదాం. బ్రసెల్స్ కేంద్రంగా నడిచే ఈయూలో పర్మినెంట్ ఉద్యోగాలకు పెట్టే ఎప్సో పరీక్ష రాయాలంటే 27 సభ్య దేశాల్లో ఏదో ఒకదాని పౌరసత్వం ఉండాలి. ఈయూ వ్యవహారాలకు పేరున్న, బెల్జియంలోని కాలేజ్ ఆఫ్ యూరప్ (బ్రూజ్)లో చదివినా ఇదే రూలు. ఈయూ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ ఇచ్చే బ్లూ బుక్ ట్రైనీషిప్‌లో బయటి దేశాలవాళ్లకు కొద్ది అవకాశాలున్నాయి గానీ, అది 5 నెలల ముచ్చటే.

‘గ్లోబల్ గవర్నెన్స్’, ‘పీస్ స్టడీస్’ లాంటి కోర్సుల మీద నాకు ఇప్పుడు నమ్మకం తక్కువ. ఆ చదువులకు ఉద్యోగాలిచ్చే చోట్లే కోతలు పడ్డాయి. 2025 జులైలో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేసింది. బ్రిటన్ విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027కల్లా 0.3కు దించుతోంది. ఐక్యరాజ్యసమితి సంస్థలూ సిబ్బందిని తగ్గించాయి. అలా రోడ్డున పడ్డ అనుభవజ్ఞులతో మీ అమ్మాయి పోటీ పడాలి.

పని పెరిగింది వాణిజ్య నిబంధనల దగ్గర. యాంటీబయాటిక్ అవశేషాల పేరుతో ఈయూ 2016లో మన రొయ్యల కన్‌సైన్‌మెంట్ల తనిఖీని 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఆ దెబ్బ ఏమిటో భీమవరం వాళ్లకు తెలుసు. 2026 జనవరి నుంచి ఉక్కు, అల్యూమినియం, సిమెంట్ మీద కార్బన్ సుంకం ‘సీబామ్’ పూర్తిస్థాయిలో మొదలైంది. టన్ను ఉక్కుకు ఎంత కార్బన్ వెలువడిందో మన ఫ్యాక్టరీ లెక్క ఇవ్వకపోతే, అక్కడి కొనుగోలుదారు ఈయూ పెట్టిన డిఫాల్ట్ అంకె ప్రకారం కట్టాలి. ఆ అంకె సాధారణంగా ఎక్కువే. అలాంటి సరఫరాదారును ఎవరు అట్టేపెట్టుకుంటారు? ఈ రూల్స్ చదివి ఇక్కడి ఫ్యాక్టరీకీ, అక్కడి కొనుగోలుదారుకూ అర్థమయ్యేలా చెప్పగలిగేవాళ్లు ఎగుమతి మండళ్లకు, కంపెనీలకు కావాలి. ఢిల్లీలోని ఈయూ కార్యాలయం కూడా స్థానిక సిబ్బందిగా భారతీయులను తీసుకుంటుంది.

భారత్ తరఫున దౌత్యవేత్తగా చర్చలకు కూర్చోవాలన్నదే కోరికైతే ప్రధాన దారి సివిల్స్ ద్వారా వెళ్లే ఐఎఫ్‌ఎస్ (విదేశాంగ సర్వీసు). కానీ సివిల్స్ ‘రాయించడం’ అంటూ ఉండదండీ, ఆమె రాయాలి. లోన్ మొత్తం ఇంత కచ్చితంగా రాశారు, ఆమె చేరాలనుకునే కోర్సు పేరు రాయలేదు. సిలబస్ ఒక్కసారైనా చూశారా?

అప్పు లేని దారులున్నాయి. ఈయూ మాస్టర్స్ చదువుకిచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. చాలా కోర్సులకు దరఖాస్తులు అక్టోబర్-జనవరి మధ్యే. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. అయితే ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో) చూపాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలలు ఇస్తారు. జర్మన్ రాకపోతే ఆ 18 నెలలూ ఇట్టే కరిగిపోతాయి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. భాష ఇప్పుడే మొదలుపెట్టించండి.

కంగారు పడకండి. ఇరవై ఏళ్ల పిల్లకు ఈసారి స్కాలర్‌షిప్ రాకపోతే వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకోవచ్చు. ఇంటి కాగితాలు మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి.