శిక్ష వేసిన కమిషనరే అప్పీలు వింటే ఆటగాడు ఎలా గెలుస్తాడు?

ఒంగోలు నుంచి ఒకరు అడిగారు: బంతుల్లో గాలి తీసిన వ్యవహారంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రేడీకి 2015లో 4 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది కదా, కోర్టు కొట్టేశాక కూడా అదెలా నిలబడింది?

మెలికంతా లీగుకీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఒప్పందంలోనే ఉంది. దాని 46వ అధికరణం ప్రకారం అప్పీలు కమిషనరే, అంటే లీగు అధిపతే, వినొచ్చు. శిక్షను ఆమోదించిన కమిషనర్ రోజర్ గుడెల్లే మధ్యవర్తిగా కూర్చున్నారు. అంతకుముందు లీగు దర్యాప్తు చేసినవారి ముందుకు వెళ్లే సమయానికే బ్రేడీ తన ఫోన్ ధ్వంసం చేయించాడు, అప్పీలులో అదే అతనికి ఎదురు తిరిగింది. సెప్టెంబరులో కింది కోర్టు జడ్జి బెర్మన్ శిక్ష రద్దు చేశారు. 2016 ఏప్రిల్‌లో పైకోర్టు 2-1తో మళ్లీ నిలబెట్టింది. బ్రేడీ తప్పు చేశాడా లేదా అన్నది ఆ కోర్టు చూడలేదు. మధ్యవర్తి ఒప్పందం హద్దుల్లో ఉన్నారా అన్నదే చూసింది.

మన చీమకుర్తి గ్రానైట్ కాంట్రాక్టు తగాదాలో మధ్యవర్తి తీర్పిచ్చినా అంతే, కోర్టు సాక్ష్యాలన్నీ మళ్లీ తిరగదోడదు. కానీ మన మధ్యవర్తిత్వ చట్టంలో ఒక మేలుంది. 2015 సవరణ తర్వాత, వివాదం వచ్చాక ఇరుపక్షాలూ రాసి ఒప్పుకుంటే తప్ప, ఒక పక్షం ఉద్యోగి మధ్యవర్తి కాలేడు. నాకైతే ఇదే న్యాయమనిపిస్తుంది. బ్రేడీ సంఘం మాత్రం 2011లో ఆ అధికారాన్ని సంతకం పెట్టి మరీ లీగుకు ఇచ్చింది.