అమ్మ ఒక్కరే బయటికి వెళ్తానంటే ఆపాలా?

డెబ్బై దాటిన మీ అమ్మగారు ఒక్కరే నడకకు వెళ్తానంటున్నారు, ఇంతకుముందు ఒకసారి పడ్డారు కాబట్టి పంపాలంటే భయంగా ఉంది, ఆపడం తప్పా అని అడిగారు. నేను మా నాన్నను ఆపాను. ఏం జరిగిందో చెబుతాను.

నాన్నకు 76 ఏళ్ళప్పుడు మేడ మెట్ల మీద జారి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది కానీ నా భయం పోలేదు. మేడ తలుపుకు తాళం వేశాను. ఆయన మొక్కలన్నీ పైనే ఉండేవి, నీళ్ళు నేను పోస్తానులే అన్నాను. సాయంత్రం నడక మాన్పించాను. బాత్రూమ్ గడియ తీయించేశాను. హాల్లో కెమెరా పెట్టి ఆఫీసు నుంచి గంటకోసారి చూసేవాణ్ణి. ఆయన కుర్చీలోంచి లేస్తే చాలు, ఫోన్ చేసి "ఎక్కడికి నాన్నా?" అని అడిగేవాణ్ణి. ఇదంతా ప్రేమే అని గట్టిగా నమ్మాను.

నాలుగు నెలలు తిరిగేసరికి, కుర్చీ చేతులు పట్టుకుంటే తప్ప ఆయన లేవలేకపోయారు. మాట కూడా తగ్గిపోయింది. ఒక రోజు, కోపమేమీ లేకుండానే అన్నారు: "పడతానని కట్టేశావు. ఇప్పుడు విప్పినా నడవలేనురా." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ ముందు అడిగింది ఎముక గురించి కాదు, రోజూ ఎంత నడుస్తారని. పెద్దవయసులో కండ వాడకపోతే చాలా త్వరగా కరిగిపోతుంది. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళే 10 రోజులు మంచం మీద ఉండేసరికి కాళ్ళలో దాదాపు కిలో కండ తగ్గింది. బలం తగ్గితే తూలుతారు, తూలితే భయపడి ఇంకా తక్కువ కదులుతారు. అంటే నా జాగ్రత్తే ఆయన మళ్ళీ పడడానికి దారి వేస్తోంది.

అప్పుడు తాళం తీశాను. మెట్లకు రెండు వైపులా పట్టుకునే కడ్డీలు పెట్టించాను, బాత్రూమ్‌లో జారని మ్యాట్, రాత్రి దారిలో చిన్న లైటు. కళ్ళజోడు మార్పించాం. రోజూ కాళ్ళకు వ్యాయామం. కెమెరా తీసేశాను, ఫోన్ మాత్రం జేబులో పెట్టుకుంటానని ఆయన ఒప్పుకున్నారు. మీరు కూడా ఏ జాగ్రత్త తీసుకున్నా ఒక్కటి చూడండి: దానివల్ల అమ్మగారు ఆ పని చేయగలుగుతున్నారా, లేక ఆ పనే పోతోందా? సీటుబెల్టు పెట్టుకుంటే ప్రయాణం ఆగదు కదా. తాళం అలా కాదు. అది ఎక్కువగా నా టెన్షన్ తగ్గించుకోవడానికే వేశాను.

రాబర్ట్ పెర్స్కీ అనే అమెరికన్ 1972లో, మేధోవైకల్యం ఉన్నవాళ్ళ గురించి రాస్తూ 'డిగ్నిటీ ఆఫ్ రిస్క్' అన్నారు. కొంత ప్రమాదం ఉన్నా తన పని తాను చేసుకోవడంలో మనిషికి గౌరవం ఉంటుందని, అతిగా కాపాడితే ఆ గౌరవం పోతుందని ఆయన భావం. ఇప్పుడు పెద్దవాళ్ళ సంరక్షణలోనూ ఈ మాట వాడుతున్నారు. నాన్న చెప్పింది కూడా ఇదే, నాకు వినబడడానికి నాలుగు నెలలు పట్టింది.

అన్నీ వదిలేయమని కాదు. నాన్న బండి నడపడం మాత్రం నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఆయన చూపు తగ్గింది, రోడ్డు మీద వేరేవాళ్ళ ప్రాణాలు కూడా ఉంటాయి. మతిమరుపు జబ్బు వచ్చి దారి తప్పేవాళ్ళ సంగతి కూడా వేరు, అక్కడ డాక్టరుతో మాట్లాడే నిర్ణయించాలి. మీ అమ్మగారు ఎందుకు పడ్డారో కూడా చూపించండి, కొన్ని మందుల వల్ల లేవగానే కళ్ళు తిరుగుతాయి. ఆ తర్వాత ఆవిడ పక్కన కూర్చుని, ఏం పోతే తట్టుకోలేరో అడగండి. మేం ఆ మాట అడగనే లేదు.

పోయిన నెల నాన్న మెట్టు మీద మళ్ళీ కాలు జారారు. కడ్డీ పట్టుకున్నారు కాబట్టి మోకాలు గీసుకుపోయింది, అంతే. మందు రాస్తుంటే నా చేతులు వణికాయి. ఆయన ఏమీ అనకుండా నా వైపే చూస్తున్నారు, తాళం మాట ఎత్తుతానేమోనని. నేను ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే మొక్కలకు నీళ్ళు పోయడానికి పైకి వెళ్ళారు.